పిల్లల గోప్యత, స్కూల్లో హింస: బెంగళూరులోని తెలుగు తల్లిదండ్రులకు సమగ్ర మార్గదర్శి

2024 ఆగస్టులో ఒక గురువారం సాయంత్రం హూడి సర్కిల్ దగ్గర బెండకాయలు ఏరుకుంటుంటే నా ఫోన్ మోగడం మొదలై ఇక ఆగలేదు. మా అబ్బాయి తరగతి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పంతొమ్మిది సెకన్ల వీడియో వచ్చింది. స్కూలు వరండాలో సీసీ కెమెరా పట్టిన దృశ్యం. తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరు తోసుకుంటున్నారు. ఒకడు మూతి గోడకు కొట్టుకుని కూలబడ్డాడు. పెట్టింది స్కూలు సిబ్బందిలోనే ఒకరు. కింద ఒక వాక్యం: "దయచేసి మీ పిల్లలకు క్రమశిక్షణ నేర్పండి." తోసినవాడు నా కొడుకు.

రాత్రి భోజనాల వేళకి ఆ వీడియో మా అపార్ట్‌మెంట్ గ్రూపులోకి కూడా వచ్చేసింది. మర్నాడు లిఫ్టులో ఒక పెద్దాయన వాణ్ణి ఎగాదిగా చూసి "నువ్వేనా?" అన్నారు. తొమ్మిది రోజులు వాడు ఆడుకోవడానికి కిందికి దిగలేదు. పడిపోయిన పిల్లాడికి ముందు పన్ను సగానికి విరిగింది. ఆ సంగతి వాళ్ళమ్మకు స్కూలు ఫోన్ చేసి చెప్పలేదు, ఆమె కూడా నాలాగే వీడియోలో చూసి తెలుసుకుంది. చెప్పకూడని నూట ఇరవై మందికి చెప్పిన స్కూలు, చెప్పి తీరాల్సిన ఇద్దరు అమ్మలకు చెప్పలేదు. ఘటనల రిజిస్టర్‌లో ఒక్క అక్షరం రాయలేదు.

మాది హిందూపురం. ఈ ఊరొచ్చి పద్దెనిమిదేళ్ళయింది. అందులో పదకొండేళ్ళు ఒక స్కూలు ఆఫీసులో అడ్మిషన్ రిజిస్టర్లు, టీసీలు రాశాను. కౌంటర్‌కి ఆ వైపూ ఈ వైపూ నిలబడిన దాన్ని కాబట్టి చెబుతున్నాను: స్కూళ్ళలో గోప్యత తప్పిపోయేది ఎక్కువగా దురుద్దేశంతో కాదు. ఏది ఎవరికి చెప్పాలో ఎవరూ కాగితం మీద పెట్టకపోవడం వల్ల. జరిగిన దానికి సరైన పేరు పెడితే, ఎవరికి చెప్పాలో చట్టమే చెబుతుంది. మిగతా అందరికీ అది అనవసరం. ఈ పని తల్లిదండ్రులుగా మనం ఎలా చేయించాలో వరుసగా రాస్తున్నాను. టీచర్లకు కూడా పనికొస్తుంది.

1. స్కూలు దగ్గర మీ పిల్లల గురించి ఏముందో రాసుకోండి

ఒక నోటుబుక్కులో ఒక పేజీ తీసుకుని నాలుగు గడులు గీయండి: ఏ వివరం, ఎవరి దగ్గర ఉంది, ఎందుకు, ఎప్పటిదాకా. ఇప్పుడు నింపండి. పుట్టిన తేదీ సర్టిఫికెట్, ఆధార్ జిరాక్సు, కుల ధ్రువీకరణ, విద్యాహక్కు చట్టం (ఆర్‌టీఈ) కింద వచ్చిన సీటైతే ఆదాయ ధ్రువీకరణ, మీ ఫోన్ నంబర్లు, బ్లడ్ గ్రూపు, అలర్జీలు. కర్ణాటకలో ప్రతి విద్యార్థికీ ఉండే శాట్స్ నంబరు. కేంద్ర ప్రభుత్వ స్కూళ్ళ సమాచార వ్యవస్థ యూడైస్ ప్లస్‌లో ఎక్కిన వివరాలు. ఇవి కాక ఫీజు యాప్, హోంవర్క్ యాప్, బస్సు ఎక్కడుందో చూపే యాప్. వార్షికోత్సవం ఫొటోగ్రాఫర్ దగ్గరున్న ఫొటోలు. ఐడీ కార్డులు అచ్చు వేసే దుకాణం.

ఆ చివరిదాన్ని చాలామంది మర్చిపోతారు. నేను ఆఫీసులో ఉన్నప్పుడు ఆరు వందల మంది పిల్లల ఫొటోలు, ఇంటి అడ్రసులు, తండ్రి ఫోన్ నంబర్లు ఒకే ఎక్సెల్ ఫైలుగా ఆ దుకాణానికి మెయిల్ చేసేవాళ్ళం. తిరిగి తుడిపేయమని ఎవరూ అడిగేవాళ్ళు కాదు, నేను కూడా అడగలేదు. ఆ కార్డును పిల్ల మెడలో వేలాడదీసుకుని మారతహళ్ళి బ్రిడ్జి కింద బస్సు కోసం నిలబడుతుంది. పేరు, తరగతి, ఇంటి నంబరు పక్కనున్న ఎవరైనా చదవొచ్చు. పేరు, బ్లడ్ గ్రూపు, స్కూలు ఫోన్ నంబరు ఉంటే చాలు, అడ్రసు తీసేయమని అడగండి. చాలా స్కూళ్ళు మారు మాట్లాడకుండా ఒప్పుకుంటాయి.

"ఎందుకు" అన్న గడి ఖాళీగా మిగిలిందంటే, ఆ వివరాన్ని తీసేయమని అడగడానికి మీకు కారణం దొరికినట్టే.

2. సంతకం పెట్టే ముందు చదవండి

మన దేశంలో గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తేల్చింది. ఆ కేసు వేసిన జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి, బెంగళూరులోనే ఉండేవారు. ఆ తీర్పు తర్వాత వచ్చిందే డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. స్కూళ్ళ మీద పడే ప్రధాన బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకు, అంటే 2027 మే నెలలో అమల్లోకి వస్తాయి.

ఈ చట్టంలో మనకు కావలసిన ముక్కలు మూడు. 18 ఏళ్ళు నిండని ప్రతి ఒక్కరూ పిల్లలే. వాళ్ళ డేటా వాడాలంటే, ధ్రువీకరించుకోదగిన పద్ధతిలో తల్లి లేదా తండ్రి లేదా సంరక్షకుల సమ్మతి కావాలి. పిల్లల్ని గురిపెట్టి ప్రకటనలు చూపకూడదు. పిల్లల విషయంలో ఈ బాధ్యతలు తప్పితే జరిమానా 200 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. పిల్లల కదలికలపై నిఘా పెట్టకూడదన్న నిబంధన నుంచి స్కూళ్ళకు ఒక మినహాయింపు ఉంది: చదువు కోసం, పిల్లల భద్రత కోసం కదలికలు గమనించవచ్చు. బస్సు జీపీఎస్ అందులోకి వస్తుంది. ఆ జీపీఎస్ వివరాలు ట్యూషన్ కంపెనీకి అమ్మడం రాదు. ఇంకో సంగతి, ఈ చట్టం డిజిటల్‌గా ఉన్న వివరాలకు, కాగితం నుంచి డిజిటల్‌లోకి ఎక్కించిన వాటికి వర్తిస్తుంది. బీరువాలో ఉన్న పాత రిజిస్టర్‌కి కాదు.

2027 దాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఇప్పటికే అమల్లో ఉన్నవి చాలా ఉన్నాయి.

ఆధార్ లేదని స్కూలు అడ్మిషన్ నిరాకరించకూడదు. 2018 సెప్టెంబరు 26న ఆధార్ తీర్పులో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. ఇవ్వదలచుకుంటే చివరి నాలుగు అంకెలు మాత్రమే మిగిలే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి.

దేశమంతా ఒకే విద్యార్థి గుర్తింపు సంఖ్యగా ఇచ్చే అపార్ ఐడీకి తల్లిదండ్రుల సమ్మతి పత్రం అడుగుతారు. సమ్మతి అంటేనే వద్దనే స్వేచ్ఛ కూడా ఉందని అర్థం. మీరు ఆలోచించుకుని ఇవ్వండి, కానీ "రేపటికల్లా సంతకం పెట్టి పంపకపోతే పిల్లను క్లాసులో కూర్చోనివ్వం" అని డైరీలో రాసి పంపితే ఆ పేజీని ఫొటో తీసి దాచుకోండి.

ఈ ఊళ్ళో చాలా "ఇంటర్నేషనల్" స్కూళ్ళ ఫారాల్లో, యాప్‌లలో ఫెర్పా, కొప్పా అనే మాటలు కనిపిస్తాయి. ఫెర్పా 1974 నాటి అమెరికా చట్టం, విద్యార్థి రికార్డుల గురించి. కొప్పా 1998 నాటిది, 13 ఏళ్ళ లోపు పిల్లల ఆన్‌లైన్ గోప్యత గురించి. అవి అక్కడి పిల్లలకు. మన చట్టంలో వయసు 18. మీ పద్నాలుగేళ్ళ అమ్మాయిని పెద్దదానిగా లెక్కేసే యాప్ ఫారం మీద సంతకం పెట్టకండి. "భారత చట్టం ప్రకారం సమ్మతి పత్రం ఇవ్వండి" అని అడగండి.

ఫొటోల సమ్మతిని విడిగా అడగండి. "స్కూల్లో వాడుకోవచ్చు, ఫేస్‌బుక్‌లో, హోర్డింగుల మీద వద్దు" అని రాసి సంతకం పెట్టే హక్కు మీకుంది. అచ్చు ఫారంలో ఆ గడి లేకపోతే పెన్నుతో రాయండి. నేను రాయించుకున్నాను కూడా.

3. వాట్సాప్‌కీ సీసీ కెమెరాకీ రాతపూర్వక నియమం తెప్పించండి

నలుగురైదుగురు తల్లిదండ్రులు కలిసి ప్రిన్సిపాల్‌కి ఒక ఉత్తరం ఇవ్వండి. ఇంగ్లీషులోనో కన్నడంలోనో రాయండి, రెండో కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. మేం రాసిన సారాంశం ఇది:

"తరగతి గ్రూపుల్లో సెలవులు, హోంవర్క్, ఫీజు గడువులు మాత్రమే పెట్టాలి. ఏ ఒక్క విద్యార్థి మార్కులు, ఆరోగ్యం, ప్రవర్తన, కుటుంబ విషయాలు, ఫొటో లేదా వీడియో పెట్టరాదు. ఒక విద్యార్థికి సంబంధించిన సంగతి ఆ విద్యార్థి తల్లిదండ్రులకు ఫోన్‌లో లేదా ముఖాముఖి మాత్రమే చెప్పాలి. సీసీ కెమెరా దృశ్యాలు చూడగలిగేవారి పేర్లు ప్రిన్సిపాల్ రాతపూర్వకంగా నిర్ణయించాలి. మొబైల్‌తో తెర మీది దృశ్యాన్ని చిత్రీకరించడం నిషేధం. ప్రతి ఘటనను అదే రోజు రిజిస్టర్‌లో నమోదు చేసి, ఇరువైపుల తల్లిదండ్రులకు అదే రోజు తెలపాలి."

మొబైల్ సంగతి ఎందుకు రాశామంటే, మా విషయంలో జరిగింది అదే. కంట్రోల్ రూంలో ఎవరో తెరను ఫోన్‌తో తీశారు. వీడియోలో ఒక మూల ట్యూబులైటు ప్రతిబింబం, తీసినవారి బొటనవేలు కనిపించాయి.

సీబీఎస్‌ఈ 2025 జూలైలో తన స్కూళ్ళకు కొత్త నిబంధన పెట్టింది: తరగతి గదులు, వరండాలు, ల్యాబులు, గేట్ల దగ్గర ధ్వనితో సహా రికార్డు చేసే కెమెరాలు ఉండాలి, టాయిలెట్లలో ఉండకూడదు, కనీసం 15 రోజుల రికార్డింగు నిలవుంచాలి. ఈ 15 అనే అంకెను గుర్తుపెట్టుకోండి, కింద మళ్ళీ వస్తుంది.

4. జరిగినదానికి సరైన పేరు పెట్టండి

అన్నిటికంటే కష్టమైనది, అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. స్కూల్లో ఏది జరిగినా మొదట "చిన్న గొడవ" అంటారు. గ్రూపులో మాత్రం "రౌడీయిజం" అంటారు. రెండూ చట్టంలో లేని మాటలే.

"హింసాత్మక నేరం" అని ఒకే గంపగుత్త నిర్వచనం మన శిక్షాస్మృతిలో లేదు. జాతీయ నేర గణాంకాల్లో హత్య, అత్యాచారం, కిడ్నాప్, దోపిడీ, అల్లర్ల వంటివాటిని ఆ పేరుతో కలిపి లెక్కిస్తారు, అంతే. అమెరికాలో కాలేజీ క్యాంపస్‌ల నేరాలను ఏ పేరు కింద వెల్లడించాలో 1990 నాటి క్లేరీ చట్టం జాబితా ఇస్తుంది. మన స్కూళ్ళకు అలాంటి జాబితా లేదు. కాబట్టి పాత శిక్షాస్మృతి (ఐపీసీ) స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఏ సెక్షన్‌కి తగిలిందో మనమే చూసుకోవాలి.

నొప్పి, దెబ్బ, వాపు, గీరుకోవడం: ఇది మామూలు గాయం. సెక్షన్ 115(2), ఏడాది దాకా జైలు లేదా 10,000 రూపాయల దాకా జరిమానా లేదా రెండూ. పోలీసులు తమంతట తాము కేసు పెట్టరాని కోవలోది.

తీవ్ర గాయం వేరు. సెక్షన్ 116 ఎనిమిది రకాలు చెప్పింది. కన్ను లేదా చెవి శాశ్వతంగా పోవడం, అవయవం లేదా కీలు పోవడం లేదా పనికిరాకుండా పోవడం, ముఖం శాశ్వతంగా వికారం కావడం, ఎముక లేదా పన్ను విరగడం, ప్రాణాపాయం, 15 రోజులపాటు తీవ్రమైన నొప్పితో ఉండటం లేదా రోజువారీ పనులు చేసుకోలేకపోవడం వాటిలో ఉన్నాయి. పాత శిక్షాస్మృతిలో ఇది 20 రోజులు. శిక్ష 117(2) కింద ఏడేళ్ళ దాకా. పన్ను మాట మళ్ళీ చదవండి. ఆ గోడకు తగిలి విరిగిన సగం పన్ను చట్టం దృష్టిలో తీవ్ర గాయమే. లాయరు ఈ మాట చెప్పినప్పుడు నాకు కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. కానీ అది తెలిశాకే, ఆ తల్లి కోపం నాకు పూర్తిగా అర్థమైంది. ఆమె "చిన్న గొడవ" అనే మాటను ఒప్పుకోకపోవడం న్యాయమే.

పొడిచే, కోసే సాధనంతో గాయపరిస్తే సెక్షన్ 118. జామెట్రీ బాక్సులోని కంపాస్‌ని పొడవడానికి వాడితే అది ఈ సెక్షన్ దాకా వెళ్ళొచ్చు.

దారికి అడ్డం నిలబడి కదలనివ్వకపోతే 126, బాత్రూంలో పెట్టి గడియ వేస్తే 127. చంపుతానని, పరువు తీస్తానని బెదిరిస్తే 351. పేరు దాచి బెదిరిస్తే శిక్ష ఇంకా పెరుగుతుంది. 2023 డిసెంబరు 1న బెంగళూరులో పదుల కొద్దీ స్కూళ్ళకు బాంబు బెదిరింపు ఈ-మెయిళ్ళు వచ్చిన ఉదయం ఇక్కడున్న ఎవరూ మర్చిపోయి ఉండరు. ఒక్క దెబ్బ తగలకపోయినా అది నేరమే. ఆ ఉదయమే పిల్లల పేర్లు, ఏ గేటు దగ్గర ఎవరు నిలబడ్డారో ఫొటోలతో సహా గ్రూపుల్లో తిరిగాయి. ఆపద వేళ గోప్యత ఎంత తేలిగ్గా జారిపోతుందో నాకు అప్పుడే తెలిసి ఉండాల్సింది.

టీచరు కొడితే? విద్యాహక్కు చట్టం 2009లోని సెక్షన్ 17 శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ రెండిటినీ నిషేధించింది. బాలల న్యాయ చట్టం 2015లోని సెక్షన్ 75 కింద, తన సంరక్షణలో ఉన్న పిల్లలపై క్రూరత్వానికి మూడేళ్ళ దాకా జైలు. "మా కాలంలో కొట్టకపోతే చదువొచ్చేదా" అనే మాట మన ఇళ్ళలోనే ఎక్కువ వినిపిస్తుంది. దయచేసి ఆ మాట పిల్లల ముందు అనకండి. రేపు అసలైన దెబ్బ తగిలినా వాళ్ళు ఇంటికొచ్చి చెప్పరు.

లైంగిక నేరం దగ్గర లెక్క పూర్తిగా మారిపోతుంది. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012 ప్రకారం లైంగిక ఉద్దేశంతో తాకడమే కాదు, అశ్లీల చిత్రాలు చూపడం, మాటిమాటికీ వెంటపడటం, ఆన్‌లైన్‌లో వేధించడం కూడా నేరాలే. చేసింది స్కూలు యాజమాన్యమో సిబ్బందో అయితే తాకడం కూడా తీవ్రతరమైన నేరం అవుతుంది, శిక్ష ఐదేళ్ళ నుంచి ఏడేళ్ళు. సెక్షన్ 19 ప్రకారం ఇది తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. విచారణ కమిటీ వేసి చూద్దాం, కుటుంబం పరువు ఆలోచించండి, పిల్ల గోప్యత కాపాడుదాం అనే మాటలకు ఇక్కడ చోటు లేదు. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. తన కింద పనిచేసేవారు చేసిన నేరాన్ని సంస్థ అధిపతి దాస్తే ఏడాది దాకా. నిజాయితీగా చెప్పినవారిపై ఏ చర్యా ఉండదని కూడా అదే సెక్షన్ హామీ ఇస్తుంది. ఆయాలు, డ్రైవర్లు భయపడేది అక్కడే కాబట్టి ఈ వాక్యాన్ని వాళ్ళకు విడమరచి చెప్పండి.

ఇక పేర్లు పెట్టి ఏడిపించడం, ఆటలోకి రానివ్వకపోవడం, ఒకసారి తోయడం: ఇవి కౌన్సిలర్ చూసుకోవాల్సినవి. స్టేషన్‌కి తీసుకెళ్ళకండి. కులం పేరుతో అవమానిస్తే మాత్రం ఈ కోవలో వేసి వదిలేయకండి, లాయరుతో మాట్లాడండి.

5. మొదటి రోజు చేయాల్సినవి

పిల్లవాడు చెప్పింది చెప్పినట్టు, వాడి మాటల్లోనే, తెలుగులోనే రాసుకోండి. తేదీ, సమయం వేయండి. నాన్నకొకసారి, అమ్మమ్మకొకసారి, పక్కింటి ఆంటీకొకసారి చెప్పించకండి. ప్రతిసారీ ఆ పిల్ల మళ్ళీ అదే అనుభవిస్తుంది, మాటలు కూడా మారిపోతాయి.

గాయం ఉంటే ఆస్పత్రికి వెళ్ళి, "స్కూల్లో ఇలా జరిగింది" అని స్పష్టంగా చెప్పండి. మెడికో లీగల్ కేసుగా (పోలీసు విచారణకు సంబంధించిన గాయంగా) రాస్తారు, తర్వాత గాయం సర్టిఫికెట్ దానిమీదే వస్తుంది. "మెట్ల మీద పడ్డాడు" అని చెబితే ఆ కాగితం జీవితాంతం అలాగే ఉంటుంది. లైంగిక నేరమైతే బట్టలు ఉతక్కండి, కాగితపు సంచిలో పెట్టండి. ప్రైవేటు ఆస్పత్రి అయినా ఇలాంటి కేసులో వెంటనే ఉచితంగా చికిత్స చేయాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని సెక్షన్ 397 చెబుతుంది.

అదే రోజు స్కూలుకు మెయిల్ పెట్టండి: ఫలానా తేదీ, ఫలానా సమయం, ఫలానా చోటి కెమెరా రికార్డింగును కత్తిరించకుండా భద్రపరచండి. 15 రోజుల లెక్క అందుకే గుర్తుంచుకోమన్నాను. పదహారో రోజున "దాని మీద కొత్తది రికార్డయిపోయింది" అంటే ఎవరూ ఏమీ చేయలేరు. కాపీ ఇవ్వమని పట్టుబట్టకండి, అందులో వేరే పిల్లల ముఖాలు కూడా ఉంటాయి. ప్రిన్సిపాల్ గదిలో చూపించమనండి. పోలీసులు అడిగితే మాత్రం "గోప్యత" అని స్కూలు దాయడం కుదరదు. నేర పరిశోధనకు డేటా చట్టంలోనే మినహాయింపు ఉంది.

గ్రూపులో తిరిగిన వీడియోకి స్క్రీన్‌షాట్ తీయండి, పంపినవారి నంబరు, సమయం కనబడేలా. తర్వాత తొలగించమని అడ్మిన్‌ని అడగండి. పిల్లల అసభ్య చిత్రం అయితే సాక్ష్యం కోసమని కూడా ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి. పంపడమే ఐటీ చట్టంలోని 67బి కింద నేరం. 1930కి ఫోన్ చేయండి లేదా సైబర్ నేరాల జాతీయ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి.

6. పోలీసు స్టేషన్‌లో

112కి ఫోన్ చేస్తే హొయ్సళ అనే పోలీసు గస్తీ బండి వస్తుంది. పిల్లల కోసం 1098. స్టేషన్‌కి వెళితే కన్నడంలో ఫిర్యాదును "దూరు" అంటారు, బోర్డు చూసి తికమక పడకండి. ఏ స్టేషన్ పరిధి అయినా ఫిర్యాదు తీసుకోవాలి, దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితం. ప్రతి స్టేషన్‌లో పిల్లల విషయాలు చూసే ఒక అధికారి ఉండాలి, ఆ అధికారినే అడగండి.

పోక్సో కేసులో పిల్లను స్టేషన్‌కి తిప్పక్కర్లేదు. ఇంట్లోనో తనకు ఇష్టమైన చోటో, వీలైనంతవరకు ఎస్‌ఐ స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా వాంగ్మూలం తీసుకోవాలి. రాత్రిపూట పిల్లను స్టేషన్‌లో ఉంచకూడదు. మన తెలుగువాళ్ళకు ఒక ముఖ్యమైన హక్కు సెక్షన్ 19లోనే ఉంది: పిల్లకు అర్థంకాని భాషలో రాస్తుంటే అనువాదకుల్ని ఇవ్వాలి. ఏడేళ్ళ పాప "అక్కడ" అని చేయి పెట్టి చూపి చెప్పిన మాట కన్నడంలోకి వెళ్ళి ఇంకోలా మారకూడదు. రాసింది మళ్ళీ చదివి వినిపించమనండి, అది కూడా హక్కే.

బాధిత పిల్ల పేరు, ఫొటో, అడ్రసు, కుటుంబం, స్కూలు, ఉండే ప్రాంతం ఇవేవీ మీడియాలో రాకూడదని పోక్సో సెక్షన్ 23. ఉల్లంఘనకు ఆరు నెలల నుంచి ఏడాది జైలు లేదా జరిమానా. "వైట్‌ఫీల్డ్‌లోని ఒక స్కూల్లో ఐదో తరగతి తెలుగమ్మాయి" అని మీరు గ్రూపులో రాశారంటే, పేరు రాయకపోయినా అందరికీ తెలిసిపోయింది. సానుభూతితో పెట్టిన మెసేజ్ కూడా ఆ పిల్లకు చేసేది అదే హాని.

7. తప్పు చేసింది మన పిల్లవాడైతే

దీని గురించి ఎవరూ రాయరు కాబట్టి కొంచెం ఆగి రాస్తున్నాను.

మొదట, దాచకండి. అవతలి కుటుంబానికి మీరే ఫోన్ చేయండి. నేను ఆ రాత్రే చేశాను. ఆమె మాట్లాడకుండా పెట్టేసింది. మర్నాడు మళ్ళీ చేశాను. మూడోసారి "పంటి డాక్టరు క్యాప్ వేయాలన్నాడు" అంది, అంతే. చాలు, అక్కడినుంచే మొదలైంది.

చట్టం ఏడేళ్ళ లోపు పిల్లలు చేసినదాన్ని నేరంగా చూడదు. ఏడు నుంచి పన్నెండు మధ్య, చేసిన పని స్వభావం అర్థం చేసుకునే పరిణతి లేకపోతే నేరం కాదు. ఆ పైన 18 దాకా బాలల న్యాయ బోర్డు చూస్తుంది. లాకప్‌లో పెట్టకూడదు. 24 గంటల్లో బోర్డు ముందు హాజరుపరచాలి. పిల్లల విషయంలో నేరాలు మూడు అంతస్తులు. గరిష్ఠ శిక్ష మూడేళ్ళ దాకా అయితే చిన్నవి, మూడు నుంచి ఏడేళ్ళ మధ్య అయితే తీవ్రమైనవి, కనీస శిక్షే ఏడేళ్ళు లేదా అంతకన్నా ఎక్కువ అయితే హేయమైనవి. 16 నిండినవారిని పెద్దవారిలా విచారించాలా అనే ప్రశ్న ఈ మూడో రకంలోనే వస్తుంది. ఏడేళ్ళకు మించిన శిక్ష పడే అవకాశమున్నా కనీస శిక్ష ఏడేళ్ళు లేకపోతే దాన్ని తీవ్రమైనదిగానే చూడాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది.

పన్ను విరిగిన ఘటన రెండో అంతస్తులోకి వస్తుంది. కేంద్రం 2016లో తెచ్చిన ఆదర్శ నియమాల ప్రకారం ఇలాంటివాటికి పిల్లలపై ఎఫ్‌ఐఆర్ కట్టరు. స్టేషన్ డైరీలో రాసి, ఇంటి పరిస్థితుల నివేదికతో బోర్డుకు పంపుతారు. హేయమైన నేరమైనా, పెద్దవాళ్ళతో కలిసి చేసినదైనా అప్పుడు ఎఫ్‌ఐఆర్.

ఇక బాలల న్యాయ చట్టంలోని సెక్షన్ 74. నేరం చేసినట్టు ఆరోపణ ఉన్న పిల్లలకు, బాధితులకు, సాక్షులకు, ముగ్గురికీ ఒకే రక్షణ: పేరు, స్కూలు, గుర్తించడానికి వీలిచ్చే ఏ వివరమూ ఏ మాధ్యమంలోనూ వెల్లడించకూడదు. శిక్ష ఆరు నెలల దాకా జైలు లేదా 2 లక్షల దాకా జరిమానా లేదా రెండూ. ఇది నేను మా ప్రిన్సిపాల్ ముందు చదివి వినిపించినప్పుడు ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి "ఇది మాకెవరూ చెప్పలేదమ్మా" అన్నారు. నేను నమ్మాను. ఆ సాయంత్రమే గ్రూపులో వీడియో పోయింది, మా ఉత్తరంలోని నియమాలు రెండు వారాల్లో సర్క్యులర్ అయ్యాయి.

వాడు మళ్ళీ బయటికి దిగడానికి కౌన్సిలర్‌తో నాలుగు సార్లు కూర్చోవలసి వచ్చింది. ఇంకా కష్టంగా ఉంటే హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్‌లో పిల్లల మానసిక వైద్య విభాగం ఉంది.

8. స్కూలు కదలకపోతే

ముందు ప్రిన్సిపాల్, తర్వాత యాజమాన్యం, రెండూ రాతపూర్వకంగా. తర్వాత మీ బ్లాకు విద్యాధికారి (బీఈఓ), ఆపైన జిల్లా స్థాయి విద్యాశాఖ అధికారి (డీడీపీఐ). కర్ణాటక రాష్ట్ర బాలల హక్కుల రక్షణ కమిషన్‌కి నేరుగా కూడా రాయొచ్చు. సీబీఎస్‌ఈ స్కూలైతే బోర్డుకి కాపీ పెట్టండి. డేటా చట్టం పూర్తిగా అమలయ్యాక, స్కూలు దగ్గర ఫిర్యాదు చేసి ఫలితం లేకపోతే డేటా రక్షణ బోర్డుకి వెళ్ళొచ్చు. నేరం విషయంలో ఈ మెట్లన్నీ ఎక్కుతూ కూర్చోకండి, అక్కడ మొదటి మెట్టే పోలీసు.

9. టీసీ తీసుకునే రోజు

స్కూలు మారేటప్పుడు ఫీజు యాప్, బస్సు యాప్ ఖాతాలు మూసేయమని, వెబ్‌సైటులోని ఫొటోలు తీసేయమని ఒక ఉత్తరం ఇవ్వండి. అడ్మిషన్ రిజిస్టర్, మార్కుల రికార్డు ఉంచుకోవడం స్కూలు పని, వాటిని తొలగించమనకండి.

తర్వాత కౌంటర్ దగ్గరే నిలబడి టీసీ చదవండి. ప్రవర్తన గడిలో ఏం రాశారు? "స్కూలు విడిచిన కారణం" దగ్గర ఏం రాశారు? పాత ఘటన ఛాయ అక్కడ ఉండకూడదు. బాలల న్యాయ చట్టం పిల్లలకు కొత్తగా మొదలుపెట్టే అవకాశం ఇవ్వాలంటుంది. కేసు ముగిశాక నడవడిక సర్టిఫికెట్ కోసమైనా సరే పోలీసులు ఆ రికార్డు బయటపెట్టకూడదంటుంది. ఏదైనా తేడా ఉంటే కిటికీ దగ్గరే దిద్దించండి, ఒకసారి రిజిస్టర్‌లో ఎక్కి ముద్ర పడ్డాక మార్చడం ఎంత తిప్పలో పదకొండేళ్ళు ఆ కుర్చీలో కూర్చున్న నాకు తెలుసు.

ఈ ఏడాది పదో తరగతి అయ్యాక మావాడి టీసీ తెచ్చుకున్నాను. నా ముందు వరుసలో ఆ పంటి అబ్బాయి వాళ్ళమ్మ ఉంది. తన కాగితం చూసుకుని మడిచి, పక్కకు జరిగి, "మీదీ చూసుకోండి" అంది. చూసుకున్నాను. ప్రవర్తన గడిలో ఒక్క మాట ఉంది: మంచిది.